అడిగినవారికి అడిగింది చూపే పటం

ఫ్లోచార్ట్ చిక్కుగా ఉందని ఎవరైనా అనగానే చాలామంది చేసే మొదటి పని, అందులోంచి కొన్ని బాక్సులు తీసేయడం. ఆఫీసు పనులను పటాలుగా గీయడమే వృత్తిగా ఉన్నదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతాను: తీసేయకండి, లేయర్లుగా విడదీయండి.

సప్లయర్ బిల్లు చెల్లింపునే తీసుకుందాం. కొనుగోలు విభాగం పర్చేజ్ ఆర్డర్ ఇస్తుంది. సరుకు దిగాక స్టోర్స్‌వాళ్లు అది అందినట్టు జీఆర్‌ఎన్ అనే రసీదు రాస్తారు. సప్లయర్ నుంచి ఇన్వాయిస్ వస్తుంది. మూడింటిలో లెక్క కలిస్తేనే అకౌంట్స్‌వాళ్లు చెల్లింపుకు పంపుతారు. త్రీ-వే మ్యాచ్ అంటే ఇదే. జరిగేది ఇంతే అయినా, పటం మీద ఒకరు సాఫ్ట్‌వేర్ స్క్రీన్ల పేర్లు రాయిస్తారు, ఒకరు సంతకాల పరిమితులు చేర్పిస్తారు, మరొకరు రేటు తేడా వస్తే ఏం చేయాలో గీయిస్తారు. చివరికి ఏ3 కాగితం మీద కూడా అసలు దారి కనబడదు.

పటాలు గీసే సాఫ్ట్‌వేర్ విజియోలో నేను పని క్రమాన్ని మాత్రం అడుగు లేయర్‌లో ఉంచి లాక్ చేస్తాను. సాఫ్ట్‌వేర్, తనిఖీలు, గడువులు, తేడాలు దేనికది వేరే లేయర్. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫ్లోచార్ట్ బాక్సులు పటంలో పెట్టగానే వాటంతటవే ‘ఫ్లోచార్ట్’ అనే లేయర్‌లో చేరిపోతాయి, గీతలు ‘కనెక్టర్’లో చేరతాయి. ఒక బాక్సు రెండు లేయర్లలో ఉంటే, రెండూ మూసేదాకా అది కనబడుతూనే ఉంటుంది. అందుకే కొత్త లేయర్‌కు టిక్ పెట్టేటప్పుడు పాత టిక్ తీసేయాలి.

లేయర్లను నేను విభాగాలవారీగా చేయను, చూసేవారి ప్రశ్ననుబట్టి చేస్తాను. తప్పుడు బిల్లును ఎవరు, ఎక్కడ ఆపగలరన్నది ఆడిటర్ ప్రశ్న. డబ్బు ఎక్కడ ఎన్నాళ్లు ఆగుతోందన్నది ఫైనాన్స్ హెడ్ ప్రశ్న. సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతోంది. గడువుల లేయర్ తెరిస్తే ఆ రోజులు ఏ బల్ల దగ్గర కరిగిపోతున్నాయో ఫైనాన్స్ హెడ్‌కు తెలియాలి. నిన్న చేరిన అమ్మాయికి మాత్రం తన దగ్గర్నుంచి కాగితం ఎవరికి వెళ్తుందో తెలిస్తే చాలు.

అయితే దాచేటప్పుడు బాధ్యత ఎక్కువ. తేడాల లేయర్ మూస్తే ప్రతి ఇన్వాయిస్ సాఫీగా దాటిపోతుందన్న భ్రమ కలగకూడదు. అందుకే ‘లెక్క కలవలేదు’ అనే బాణాన్ని, దాని నంబరుతో సహా, అడుగు లేయర్‌లోనే ఉంచుతాను. ఆ తర్వాత నడిచే తతంగమంతా పై లేయర్‌లో ఉంటుంది. ఆ తతంగమే మరీ పెద్దదైతే దానికి లేయర్ సరిపోదు. పని ప్రక్రియలను గీసే బీపీఎంఎన్ పద్ధతిలో ప్లస్ గుర్తున్న సబ్ ప్రాసెస్‌గా మార్చి వేరే పేజీలో గీయాలి.

పటం పూర్తయ్యాక పై లేయర్లన్నీ మూసి, ఆ పని చేసేవాళ్లకే చూపిస్తాను. అన్నీ కిక్కిరిసిన పటం ముందు గోడౌన్ గుమాస్తా నోరు మెదపడు, తలూపి వెళ్లిపోతాడు. పటంలోని తప్పు అలాగే ఉండిపోతుంది. తన పని తనకు స్పష్టంగా కనబడినప్పుడు మాత్రం, ‘సరుకు లెక్కపెట్టకముందే జీఆర్‌ఎన్ రాయం మేడమ్, ఈ బాణం తిప్పండి’ అంటాడు. నేను లేయర్లు వేసేది ఆ మాట అతనిచేత అనిపించడానికే.