పోటు వచ్చేదాకా కాపలా

న్యూజిలాండ్ దక్షిణ దీవికి ఉత్తరపు కొసన ఫేర్‌వెల్ స్పిట్ అనే సన్నని ఇసుక మేట సముద్రంలోకి పాతిక కిలోమీటర్లకు పైగా సాగి, కొడవలిలా వంగి ఉంటుంది. ఆ వంపు లోపల గోల్డెన్ బే. అక్కడ నేల వాలు ఎంత తక్కువంటే, ఆటు మొదలైతే నీళ్లు కిలోమీటర్ల దూరం వెనక్కి తగ్గిపోతాయి. లోతు నీళ్లలో తిరిగే పైలట్ తిమింగలాలకు అదొక ఉచ్చు. 2017 ఫిబ్రవరి 10న తెల్లారేసరికి ఆ ఇసుక మీద 416 తిమింగలాలు పడి ఉన్నాయి. సగానికి పైగా రాత్రికి రాత్రే చనిపోయాయి. బతికున్నవాటి కోసం చుట్టుపక్కల నుంచి జనం వందల్లో వచ్చారు. వాళ్ల జాలిగుండె గురించి అందరూ రాశారు. నేను వాళ్ల పనితనం గురించి రాయాలనుకుంటున్నాను. ఒడ్డున పడ్డ తిమింగలాన్ని పని తెలియని జాలి చంపేస్తుంది.

మనకు ముందుగా తోచేదేమిటి? తోక పట్టుకుని నీళ్లలోకి ఈడ్చెయ్యడం. టన్నుకు పైగా బరువుండే ఒంటిని అలా లాగితే వెన్ను దెబ్బతింటుంది. పక్క రెక్క పట్టి గుంజితే కీలు తప్పుతుంది. నీళ్లలో ఉన్నంతకాలం తెలియని బరువు నేల మీదికి రాగానే దాని లోపలి అవయవాలనే నలిపేస్తుంటుంది. చల్లటి సముద్రంలో దాన్ని కాపాడే మందపాటి కొవ్వు ఎండలో ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఇంకో ప్రమాదం ఉంది, చాలామందికి తెలియనిది. పక్కకు ఒరిగి పడివున్న తిమింగలం దగ్గరికి పోటు నీళ్లు వస్తే, నెత్తి మీదున్న ముక్కురంధ్రం ముందుగా మునుగుతుంది. అది చేప కాదు, మనలాగే ఊపిరితిత్తులతో బతికే జీవి. నీళ్లు వచ్చాయని ఒడ్డున జనం సంబరపడుతుండగానే ఊపిరాడక పోతుంది.

అందుకే వచ్చినవాళ్లు చేసే మొదటి పని దాన్ని మెల్లగా బోర్లా తిప్పి నిలకడగా ఉంచడం. పక్క రెక్కల కింద చెరో గొయ్యి తవ్వుతారు. దాంతో రెక్కలు ఒంటి కింద మడతపడవు. గోతిలో నీళ్లు పోస్తుంటే, రెక్కల గుండా ఒంటి వేడి కొంత బయటికి పోతుంది. పాత దుప్పట్లు తడిపి వీపంతా కప్పుతారు. ముక్కురంధ్రం మీద మాత్రం గుడ్డ పడకూడదు, అందులోకి చుక్క నీరు గానీ ఇసుక రేణువు గానీ పోకూడదు. అది ఊపిరి వదిలినప్పుడు ఒక్కసారిగా తుంపర ఎగజిమ్ముతుంది. అందులో రోగక్రిములు ఉండొచ్చు, కాబట్టి ముఖం అడ్డం పెట్టకూడదు. తోక దగ్గర ఎవరూ నిలబడరు, ఒక్క విదిలింపుకు మనిషి ఎముకలు విరుగుతాయి. అరుపులు, కుక్కలు, ఫోటోల కోసం మూగే జనం ఉండకూడదు. ఒకరు కూర్చుని నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడుతుంటారు. ఆ తరవాత గంటల తరబడి బకెట్లు మోయడమే. ఈ ఓపిక ఉన్నవాడే అక్కడ పనికొస్తాడు.

పోటు ఎక్కాక అసలు పరీక్ష. గంటల కొద్దీ కదలకుండా పడి ఉన్నందువల్ల దానికి ఒళ్లు మొద్దుబారి, నీళ్లలో నిలదొక్కుకోలేదు. నడుములోతు చలినీళ్లలో ఇరుపక్కలా నిలబడి, మెల్లగా అటూ ఇటూ ఊపుతూ, అది తనంతట తాను నిటారుగా తేలేదాకా పట్టుకుంటారు. పెద్దదైతే కింద చాప లాంటి పట్టా జొప్పించి, రెండు వైపులా గాలి నింపిన తేలుడు గొట్టాలు బిగిస్తారు. తేలింది కదా అని వదిలితే పని చెడినట్టే. పైలట్ తిమింగలాలు గుంపు విడిచి ఉండలేవు. ఒడ్డున తమవి మిగిలి ఉంటే తేలినవి మళ్లీ వెనక్కి తిరుగుతాయి. అందుకని పిల్లను తల్లి పక్కనే ఉంచి, అన్నిటినీ ఒకచోటికి చేర్చి, కలిపి వదులుతారు. తరవాత మనుషులు నీళ్లలో చేయీ చేయీ పట్టుకుని గొలుసుగా నిలబడి ఒడ్డు వైపు రాకుండా అడ్డుకుంటారు. చీకటి పడితే ఆ మనుషులందరూ బయటికి రావాల్సిందే, మనసు ఒప్పినా ఒప్పకపోయినా.

ఇంత చేసినా 2017లో తేలించినవాటిలో చాలా మళ్లీ ఒడ్డెక్కాయి. మరో రెండు వందల దాకా కొత్తగా వచ్చి పడ్డాయి, వాటిలో ఎక్కువ భాగం రాత్రి పోటుకు తమంతట తామే వెళ్లిపోయాయి. 2018 నవంబరులో అదే దేశంలోని స్టీవర్ట్ దీవి మారుమూల తీరంలో 145 పడ్డాయి. వాటిలో బతికున్నవాటికి సాయం అందే దారి లేక, బాధ తప్పించడానికి అధికారులే వాటి ప్రాణం తీశారు. 2024 నవంబరులో రువాకాకా తీరంలో మాత్రం ఊరి జనం పట్టాల మీద మోసి ముప్పైకి పైగా తిమింగలాలను సముద్రంలోకి పంపగలిగారు. ఎంత మంది, ఎంత తొందరగా చేరగలరన్నదే తేడా.

న్యూజిలాండ్‌లో తిమింగలాల వేట ఆగింది 1964లో. పదేళ్లకే, 1974లో, వేటకు వ్యతిరేకంగా ప్రాజెక్ట్ జోనా అనే సంస్థ పుట్టింది. 1978లో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చింది. తరవాత ఆ సంస్థ ఒడ్డున పడ్డవాటిని కాపాడే పనిలోకి దిగి మామూలు జనానికి శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక్క రోజు పాఠం. పొద్దున తిమింగలాల గురించి చెబుతారు, తరవాత నీళ్లు నింపిన నిలువెత్తు బొమ్మ తిమింగలం మీద సాధన. టీచర్లూ రైతులూ కాలేజీ పిల్లలూ ఆ పాఠం నేర్చుకుని ఇంటికి పోతారు, కబురు వస్తే బయలుదేరతారు. ఆక్లాండ్‌లో ఉంటున్న మనవాళ్లు ఒక శనివారం దీనికి కేటాయిస్తే బాగుంటుంది.

చనిపోయినవాటి దగ్గర కూడా పని ఉంటుంది. పొడవు కొలవడం, ఆడో మగో రాసుకోవడం, చర్మం ముక్క తీసి పంపడం. అక్కడ ఒడ్డుకు వచ్చిన తిమింగలాల లెక్కలు 1840 నుంచి ఉన్నాయి. 2024 జులైలో ఒటాగో తీరానికి కొట్టుకొచ్చిన ఒక కళేబరం స్పేడ్ టూత్డ్ తిమింగలానిదని తేలింది. ఆ జాతి నమూనాలు పంతొమ్మిదో శతాబ్దం నుంచి, దీనితో కలిపి, ఏడే దొరికాయి. డిసెంబరులో శాస్త్రవేత్తలూ, అక్కడి మూలవాసులైన మావోరీల పెద్దలూ కలిసి దాన్ని కోసి చూశారు. తిమింగలం మావోరీలకు పూర్వీకుల సంపద. ప్రార్థన చేసి సాగనంపడం, ఎముకలు జాగ్రత్త చెయ్యడం వాళ్ల హక్కు. చట్టం, విజ్ఞానం, ఆచారం ఒకే ఇసుక మీద ఒకదానికొకటి అడ్డు రాకుండా పనిచెయ్యడం నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చిన సంగతి.

ఇది మనకు సంబంధం లేని కథ అనుకోవద్దు. 2016 జనవరిలో తమిళనాడు మణప్పాడు దగ్గర ఎనభైకి పైగా పైలట్ తిమింగలాలు ఒడ్డెక్కాయి. అదే తీరంలో 1973లో 147 పడ్డాయి. 2016లో జాలర్లు పడవలతో లోతుకు లాగి వదిలితే చాలా వాటంతట అవే తిరిగి వచ్చాయి. ఆ జాలర్లకు కష్టపడే మనసుంది, సముద్రం తెలుసు. గుంపునంతా కలిపి వదలాలన్న ఒక్క మాట ముందుగా చెప్పినవాళ్లు లేరు. మన శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కూడా డాల్ఫిన్లూ తిమింగలాలూ కొట్టుకొస్తూనే ఉంటాయి. తీరంలోని ప్రతి పల్లెలో పదిమంది కుర్రాళ్లకు ఈ ఒక్క రోజు పాఠం చెప్పించమని అటవీ శాఖనూ మత్స్య శాఖనూ అడుగుదాం. అప్పటిదాకా బీచ్‌లో ప్రాణమున్న డాల్ఫిన్ కనిపిస్తే తోక పట్టి లాగకండి. బోర్లా ఉంచి, తడి గుడ్డ కప్పి, ముక్కురంధ్రం వదిలేసి, జనాన్ని దూరంగా ఉంచి, వెంటనే అటవీ శాఖకు ఫోన్ చెయ్యండి.