గడ్డిని అడిగి టికెట్ కొనాలి

గోల్కొండ దగ్గర కోర్సులో నాతో ఆడే కుర్రవాళ్ళు సంక్రాంతి దాటిందంటే చాలు, ఒకటే ప్రశ్న మొదలుపెడతారు. ‘అన్నా, స్కాట్లండ్‌కి గోల్ఫ్ ఆడటానికి వెళ్ళాలంటే ఏ నెల మంచిది?’ అడిగేటప్పటికే చేతిలో ఫోన్, అందులో నెలవారీ ఉష్ణోగ్రతలు. జులై మీద వేలు పెట్టి, ఇదే కదా వాళ్ళ ఎండాకాలం అంటారు. ఆ అంకెల్లో తప్పేం లేదు. కానీ గోల్ఫ్ ప్రయాణానికి అది అన్నిటికంటే చివర చూడాల్సిన లెక్క. సెయింట్ ఆండ్రూస్‌లో జులై నెల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 19 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో 14, 15. హైదరాబాదు ఎండకు అలవాటుపడ్డ ఒంటికి రెండూ చలే, రెండు నెలల్లోనూ స్వెటర్ వేసుకోవాల్సిందే. ఆ నాలుగైదు డిగ్రీల వెచ్చదనం కోసం వదులుకునేది చాలా పెద్దది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది మే మూడో వారం. ఎందుకో అర్థం కావాలంటే ఈ ఆట గతం కొంచెం తెలియాలి.

స్కాట్లండ్‌లో గోల్ఫ్ చాలాకాలం చలికాలపు ఆట. గడ్డి కోసే యంత్రానికి ఎడ్విన్ బడింగ్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు పేటెంట్ తీసుకున్నది 1830లో. అంతకుముందు వేసవి వచ్చిందంటే గడ్డి ఏపుగా పెరిగేది, బంతి అందులో పడితే వెతుక్కోవడంతోనే పొద్దుపోయేది. చలికాలంలో ఎదుగుదల ఆగిపోయి, గొర్రెలూ కుందేళ్ళూ మేసినంత మేర నేల నున్నగా తయారయ్యేది. సముద్రం ఒడ్డున ఇసుక నేలలు కాబట్టి వాన నీళ్ళూ నిలిచేవి కావు. థామస్ కింకేడ్ అనే వైద్య విద్యార్థి 1687లో ఎడిన్‌బరాలో రాసుకున్న డైరీ ఒకటి ఉంది. బంతిని ఎలా కొట్టాలో, ఒళ్ళు ఎలా తిప్పాలో అతను రాసుకున్న మాటలు జనవరి, ఫిబ్రవరి తేదీల కింద కనిపిస్తాయి. మొట్టమొదటి ఓపెన్ ఛాంపియన్‌షిప్ ప్రెస్ట్‌విక్‌లో 1860 అక్టోబరు 17న జరిగింది. ఎనిమిది మంది ఆటగాళ్ళు 12 హోళ్ళ కోర్సును ఒకే రోజు మూడుసార్లు చుట్టివచ్చారు. ఓపెన్ అంటే జులై అన్న లెక్క తర్వాత వచ్చింది. అంటే ఈ ఆటకు ఋతువును నిర్ణయించింది ఎండ కాదు, గడ్డి. సముద్రతీరపు లింక్స్ కోర్సుల మీద ఇవాళ్టికీ దాని మాటే చెల్లుతుంది.

మన కోర్సుల్లో ఉండేది బెర్ముడా గడ్డి, వినాయక చవితికి కోసుకొచ్చే గరిక జాతి. అది బంతిని పట్టి ఆపుతుంది. అందుకే మనం బంతిని గాల్లోకి ఎత్తి, జెండా పక్కన పడేలా కొట్టడం నేర్చుకుంటాం. లింక్స్‌లో ఎక్కువగా కనిపించేది ఫెస్క్యూ. ఆకు సన్నం, ఇసుకలో తక్కువ సారంతో, తక్కువ నీటితో బతుకుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా స్కాట్లండ్‌లో, ముఖ్యంగా పడమటి తీరంలో, వానలు తక్కువగా ఉండే కాలం. చలి ఇంకా పూర్తిగా వదలదు కాబట్టి గడ్డి తొందరపడి పెరగదు. పైన పలచగా, కింద గట్టిగా నేల తయారవుతుంది. బంతి పడ్డచోట ఆగకుండా ముప్పై నలభై గజాలు పరుగెడుతుంది. ఆ పరుగును ఎటు మళ్ళించాలో, ఏ వాలుకు అప్పగించాలో ఆలోచించడమే లింక్స్ గోల్ఫ్. అది చూడకుండా తిరిగొస్తే, అంత దూరం వెళ్ళి మన ఆటనే చలిగాలిలో ఆడి వచ్చినట్టు.

ఉత్తరాన రాయల్ డోర్నోక్ కోర్సులో రెండో హోల్ చిన్నదే, మూడు షాట్లలో ముగించాల్సింది. జెండా ఉండే గ్రీన్ మాత్రం చుట్టూ ఉన్న నేలకంటే ఎత్తుగా, అన్ని వైపులా జారే వాలుతో ఉంటుంది. ఒక మే నెల ఉదయం నా బంతి గ్రీన్ ఎడమ అంచు మీద పడి, ఒక క్షణం నిలబడి, మెల్లగా వెనక్కి జారి వాలు కిందికి చేరింది. నేను వెడ్జ్ కోసం చెయ్యి చాపితే క్యాడీ పెద్దాయన పటర్ తీసి ఇచ్చాడు. బూటు కొనతో గడ్డిని రుద్ది చూపించాడు. మచ్చ పడలేదు, తడి అంటలేదు. నేల ఇంత గట్టిగా ఉన్నప్పుడు ఎత్తి కొడితే అవతలికి పోతుంది, దొర్లించండి అన్నాడు. పటర్‌తో గట్టిగానే కొట్టాను. బంతి చిటపటమంటూ వాలు ఎక్కింది, అంచు దగ్గర వేగం తగ్గింది, పైన చదునుకు చేరాక కుడికి తిరిగి జెండాకు మూడడుగుల దూరంలో ఆగింది. అదే వాలు మీద గడ్డి వత్తుగా, తడిగా ఉంటే బంతి సగం దూరంలోనే నీరసించేది. ఆ ఒక్క షాట్ ఉండాలంటే ఆ నేల ఉండాలి. ఆ నేల ఉండాలంటే నెల కలిసిరావాలి.

డోర్నోక్ గురించి ఇంకో మాట. 1872లో డొనాల్డ్ రాస్ పుట్టింది ఆ ఊళ్ళోనే. తర్వాత అమెరికా వెళ్ళి పైన్‌హర్స్ట్ లాంటి కోర్సులు నిర్మించినవాడు. అక్కడి ఉబ్బెత్తు గ్రీన్లు చూసినవాళ్ళకు డోర్నోక్ గుర్తుకు రాక మానదు. మే నెలలో ఆ కోర్సు పక్క గట్లన్నీ గోర్స్ పొదల పూలతో నిండి ఉంటాయి. మన తంగేడు విరగబూసినంత పసుపు. ఎండ తగిలితే ఆ పూలు కొబ్బరి వాసన వేస్తాయి. పొద నిండా ముళ్ళే కాబట్టి అందులోకి పోయిన బంతిని మాత్రం మరిచిపోవాలి. జులై వచ్చేసరికి ఆ పసుపు ఉండదు, ముళ్ళు మాత్రం ఉంటాయి. అక్కడిదాకా వెళ్ళినవాళ్ళు ఇంకొంచెం ఉత్తరాన బ్రోరా కూడా ఆడి రావాలి. గొర్రెలు చాలాకాలం ఆ కోర్సులోనే మేసేవి, గ్రీన్ల మీదికి రాకుండా చుట్టూ కరెంటు తీగ కట్టేవారు. 1830కి ముందు ఈ ఆట ఎలా ఉండేదో ఊహించుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

నేల తర్వాత వెలుతురు. హైదరాబాదులో ఏడాదిలోకెల్లా పొడవైన పగటికీ పొట్టి పగటికీ మధ్య తేడా దాదాపు రెండు గంటలు. సెయింట్ ఆండ్రూస్‌లో ఆ తేడా పది గంటలు దాటుతుంది. మే మూడో వారంలో అక్కడ తెల్లవారుజామున 5 కాకముందే పొద్దు పొడుస్తుంది, రాత్రి 9 దాటాక గుంకుతుంది. పొద్దున ఒక కోర్సు ఆడి, తీరిగ్గా భోంచేసి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం 5కి ఇంకో ఆట మొదలుపెట్టినా వెలుతురు ఉండగానే ముగుస్తుంది. ఆ వేళకు నీడలు పొడవై, పొద్దున కళ్ళకు ఆనని చిన్న చిన్న ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. కోర్సును చదవాలంటే ఆ గంటను మించింది లేదు. చాలా చోట్ల సాయంత్రం ఆటకు రుసుము కూడా తగ్గిస్తారు.

మే నెలకు లోట్లు లేవని చెప్పను. తూర్పు గాలి వీస్తే చలి ఎముకల్లోకి దిగుతుంది. ఆ గాలితోనే సముద్రం మీదినుంచి హార్ అనే పొగమంచు వస్తుంది. వెచ్చటి గాలి చల్లని ఉత్తర సముద్రం మీదుగా రావడం దానికి కారణం. ఒడ్డు నుంచి రెండు మైళ్ళు లోపలికి ఎండ కాస్తుంటే తీరంలో జెండా కనిపించకపోవచ్చు. గ్రీన్లు కూడా అప్పటికి పూర్తి వేగం అందుకోవు. కొన్ని క్లబ్బులు వసంతంలో గ్రీన్లకు చిల్లులు పెట్టి ఇసుక నింపుతాయి. ఆ తేదీలు ముందే అడిగి తెలుసుకుంటే తప్పించుకోవచ్చు. ఇవన్నీ భరించదగ్గవే.

జులై, ఆగస్టుల సంగతి వేరు. గది దొరకదు, టీ టైమ్ దొరకదు, ధరలు శిఖరం మీద ఉంటాయి. పక్కన వదిలేసిన పొడవు గడ్డి కంకులు తీసి, కొంచెం గురి తప్పినా బంతిని మింగేస్తుంది. సముద్రానికి దూరంగా కొండల నడుమ ఉన్న కోర్సుల్లో మిడ్జ్ అనే నలుసంత ఈగలు సాయంత్రాలు నిలవనివ్వవు. తీరంలో గాలి ఉంటుంది కాబట్టి వాటి బాధ తక్కువ. 2027లో ఓపెన్ సెయింట్ ఆండ్రూస్‌లోనే జరగబోతోంది. ఆ ఏడాది అక్కడి ఓల్డ్ కోర్సు మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు మూసివేత తేదీలు చూశాకే విమానం టికెట్ కొనాలి.

రెండోసారి వెళ్ళేవాళ్ళకు నా సలహా సెప్టెంబరు. గ్రీన్లు ఏడాదిలోకెల్లా ఉత్తమంగా ఉండేది అప్పుడే. వేసవి అంతా కోసి, దువ్వి, ఇసుక చల్లిన ఫలితం అప్పటికి చేతికొస్తుంది. సముద్రం వేసవి వెచ్చదనాన్ని ఇంకా పట్టుకుని ఉంటుంది. అయితే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో డన్‌హిల్ లింక్స్ పోటీ సెయింట్ ఆండ్రూస్, కార్నూస్టీ, కింగ్స్‌బార్న్స్ మూడింటినీ ఆక్రమిస్తుంది. ఆ వారం తప్పించాలి. పడమటి తీరంలో అప్పటికి వానలు ముదురుతాయి, తూర్పున ఈస్ట్ లోథియన్ వైపు నార్త్ బెరిక్, గలన్ కోర్సులు పొడిగా ఉండే అవకాశం ఎక్కువ. అక్టోబరు మధ్యకు సాయంత్రం 6 దాటగానే చీకటి. రోజుకు ఒకటే ఆట.

చలికాలంలో ఓల్డ్ కోర్సు రుసుము వేసవి రుసుములో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. వేసవిది 300 పౌండ్లు దాటింది కాబట్టి తేడా చిన్నదేం కాదు. కానీ నవంబరు నుంచి మార్చి దాకా ఫెయిర్‌వే మీద బంతిని చిన్న చాప మీద పెట్టి కొట్టాలి, గడ్డికి దెబ్బ తగలకుండా. ఆ నియమాన్ని నేను గౌరవిస్తాను, శతాబ్దాలుగా కాళ్ళ కింద నలుగుతున్న నేలకు ఆ విశ్రాంతి కావాలి. అయినా జీవితంలో ఒక్కసారి వెళ్ళేవాళ్ళు ఆ నేలను క్లబ్‌తో తాకకుండా రావడం నాకు మనసొప్పదు.

ఓల్డ్ కోర్సుకు ముందస్తు బుకింగ్ దొరకకపోతే బ్యాలెట్ ఉంది. ఆడాల్సిన రోజుకు రెండు రోజుల ముందు పేర్లు ఇస్తే లాటరీ తీస్తారు, కనీసం ఇద్దరుండాలి. పగలు పొడవుగా ఉంటే ఆడే జట్లు ఎక్కువ పడతాయి, మే నెల ఆ విధంగానూ కలిసొస్తుంది. ఊళ్ళో నాలుగైదు రోజులుంటే రోజూ పేరు వేయవచ్చు. ఆదివారం ఆట ఉండదు, ఊరి జనం కుక్కలతో, పిల్లలతో ఆ మైదానం మీద తిరుగుతారు. మనమూ తిరగొచ్చు. సోమవారం ఆడబోయే గ్రీన్ల వాలును శనివారం చూసిన మ్యాపులోకంటే ఆదివారం కాలికింద తెలుసుకోవడం మేలు.

మన బడులకు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు కాబట్టి ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళడానికీ మే అనువే. బ్రిటన్ సందర్శక వీసాకు ప్రయాణానికి మూడు నెలల కంటే ముందు దరఖాస్తు చేయనివ్వరు. మే మూడో వారానికైతే ఫిబ్రవరి చివర్లో వేయవచ్చు. గదులూ, డోర్నోక్ టీ టైములూ అంతకంటే ముందే చూసుకోవాలి. ఈ సంక్రాంతికి అడిగినవాళ్ళకు ఈ ఏడాది మే అందడం కష్టం. సెప్టెంబరు రెండో వారం అడగండి, దొరుకుతుంది.