శరత్ ‘దేవదాసు’: ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• నవలలోని తొలియౌవన ప్రేమలో హింస ఏ రూపంలో ఉందో గుర్తించగలుగుతారు.
• పాత్ర చేసిన పనికీ, ఆ పనిని కథకుడు చూపిన తీరుకూ ఉన్న భేదాన్ని వివరించగలుగుతారు.
• పేరుపొందిన రచన మీద మీ అసంతృప్తిని ఆధారాలతో చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఏలూరులోగానీ తాడేపల్లిగూడెంలోగానీ ప్రేమ విఫలమైన కుర్రవాడు నాలుగు రోజులు గడ్డం గీసుకోకపోతే ‘దేవదాసైపోయాడు’ అంటారు. ఆ మాట అనడానికి నవల చదివి ఉండనక్కరలేదు. శరత్‌చంద్ర ఛటర్జీ చిన్న వయసులోనే రాసి పెట్టుకున్న ఈ బెంగాలీ నవల 1917లో పుస్తకంగా వచ్చింది. చక్రపాణి వంటి అనువాదకుల కృషి వల్ల శరత్ తెలుగువాళ్ళకు సొంత రచయిత అయ్యాడు. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వచ్చిన సినిమా దేవదాసును ఇంటింటికీ చేర్చింది. ఆ పాత్ర వేసిన అక్కినేని నాగేశ్వరరావు కొల్లేటికి ఆవలనున్న గుడివాడ ప్రాంతంలోని రామాపురంలో పుట్టినవాడే.

ఇంత పేరున్న నవలను మొదటిసారి చదివేవారు గొప్ప ప్రేమకథ కోసం ఎదురుచూస్తారు. మీరూ అలాగే మొదలుపెట్టండి. అయితే చదువుతున్నప్పుడు ఒక వస్తువు మీద కన్ను వేసి ఉంచండి. అది గాలపు కర్ర.

2. గాలపు కర్ర

కొల్లేటి లంక గ్రామాలలో పెరిగినవారికి గాలపు కర్ర గురించి చెప్పనక్కరలేదు. అది పిల్లల చేతిలో ఆటవస్తువు, పెద్దల చేతిలో పూట గడిపే సాధనం. ఈ నవలలో మాత్రం దానికి ఇంకొక పని ఉంది.

చిన్నతనంలో దేవదాసు, పార్వతి గాలానికి పనికివచ్చే వెదురు కోసం వెళతారు. చిన్న పొరపాటుకు కోపం వచ్చి దేవదాసు ఆమెను ఒళ్ళు కందేటట్లు కొడతాడు. ఇంట్లో అడిగితే పార్వతి అతని పేరు చెప్పదు, పంతులుగారు కొట్టారంటుంది. కొట్టినవాడిని దాచడం ఆమె అప్పుడే నేర్చుకుంది.

పార్వతికి పదమూడో ఏడు వస్తుంది. దేవదాసుకు సుమారు పంతొమ్మిది. జమీందారు కుటుంబం ఈ సంబంధం కాదంటుంది. పార్వతి అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వెళ్ళి తనను చేపట్టమని అడుగుతుంది. పరువు పోతుందని తెలిసి చేసిన సాహసమది. దేవదాసు తల్లిదండ్రులను ఎదిరించలేక కలకత్తా వెళ్ళిపోయి, ఆమెను అంతగా ప్రేమించలేదన్నట్లు ఉత్తరం రాస్తాడు. తరువాత పశ్చాత్తాపపడి తిరిగివస్తాడు. అప్పటికి పార్వతికి వేరే సంబంధం కుదిరింది. వరుడు నలభై ఏళ్ళకు దగ్గరపడినవాడు, ఎదిగిన పిల్లల తండ్రి.

రేవు దగ్గర వారిద్దరూ కలుసుకునే ఘట్టం నవలకు ఆయువుపట్టు. నీకు తల్లిదండ్రులున్నట్లే నాకూ ఉన్నారు, వారి ఇష్టమూ చూడాలి కదా అన్న అర్థంలో పార్వతి జవాబు చెబుతుంది. ఆ గర్వాన్ని సహించలేక దేవదాసు గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. రక్తం కారుతుంది. చంద్రుడికి మచ్చ ఉన్నట్లే అందానికీ ఒక మచ్చ ఉండాలన్న ధోరణిలో మాట్లాడతాడు.

3. నవల ఎక్కడ నిరాశపరుస్తుంది?

దేవదాసు కొట్టాడన్నది మన అభ్యంతరం కాదు. నవలలో చెడ్డపని చేసే పాత్ర ఉండవచ్చు, ఉండాలి కూడా. పిరికితనం కోపంగా మారి, తనకంటే బలహీనుల మీద పడే క్రమాన్ని శరత్ చాలా నిజాయితీగా పట్టుకున్నాడు. పార్వతి జవాబు రాసిన చేయి గొప్ప రచయితదే.

నిరాశ ఆ తరువాత మొదలవుతుంది. గాయాన్ని గాయంగా చూపిన నవలే దానిని నగగా మార్చివేస్తుంది. కొన్నాళ్ళకు పార్వతి ఆ మచ్చే తనకు ఓదార్పు అన్నట్లు మాట్లాడుతుంది. రేవు దగ్గర తలెత్తి నిలబడిన పిల్ల ఈ మాట దాకా ఎలా వచ్చిందో నవల చెప్పదు. ఆమె పెద్ద సంసారాన్ని దిద్దుకుంటుంది, దానధర్మాలు చేస్తుంది. ఆమె మనసులోకి మాత్రం కథకుడు తొంగిచూసేది తక్కువ. దేవదాసు తాగుడుకు, తిరుగుడుకు, దగ్గుకు పేజీలు దక్కుతాయి. అతని కోసం తన వృత్తినే వదిలిన చంద్రముఖి కూడా అతనికి సేవచేసే మనిషిగానే మిగులుతుంది.

ముగింపు చూడండి. దేవదాసు పార్వతి అత్తవారి ఊరు చేరి, వారి వాకిలి ముందు చెట్టు కింద మరణిస్తాడు. సంగతి తెలిసి పరుగెత్తబోయిన పార్వతిని ఇంటివారు ఆపివేస్తారు. ఆపై కథకుడు నేరుగా పాఠకుడితో మాట్లాడి, ఇటువంటి దిక్కులేని చావు ఎవరికీ రాకూడదని కోరుకోమంటాడు. ఆ కన్నీరు దేవదాసుకే. మూసిన తలుపు లోపల బతికి ఉన్న పార్వతి కోసం కథకుడు ఏమీ అడగడు.

4. ఒక ఆక్షేపణ, సమాధానం

‘ఆనాటి నవలను ఈనాటి కొలతతో కొలవవచ్చా?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టం 1929లోగానీ రాలేదు. పద్దెనిమిదేళ్ళలోపు వారికి రక్షణ కల్పించే పోక్సో చట్టం 2012 నాటిది. ఆ చట్టాలతో శరత్‌ను నిలదీయడం విమర్శ కాదు. మనం వాడిన కొలత నవలే ఇచ్చింది. రేవు దగ్గర పార్వతి అడిగిన సమానత్వమే ఆ కొలత. దానిని చేతికిచ్చి, చివరికి రచయితే పక్కన పెట్టాడు.

పోలికకు ఏలూరులో 1916లో పుట్టిన బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’ తీసుకోండి. అందులో దయానిధి కూడా కోమలిని ప్రేమించి, లోకనిందకు నలిగిపోయి, ఊరు విడిచినవాడే. కానీ అతడు వైద్యుడై పనిలో పడతాడు, ద్వేషం లేకుండా బతకడం సాధ్యమా అని తనను తాను ప్రశ్నించుకుంటాడు. అక్కడా స్త్రీలను ఎక్కువగా అతని కళ్ళతోనే చూస్తాం. అయినా ఆ నవల నాయకుడి బాధను అతని గొప్పతనానికి రుజువుగా చూపదు. దేవదాసులో లోపించినది ఇదే.

ఈ చర్చ పరీక్ష కోసం మాత్రమే కాదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. అటువంటి ఘోరానికి ఏ నవలా కారణమని చెప్పలేం. కానీ కాదన్న అమ్మాయి ముఖం మీద గుర్తు వేయాలనుకునే కోపానికి మన భాషలో ఇంకా ‘ప్రేమ’ అనే పేరు దొరుకుతోంది. ఆ పేరు తీసివేయడం పాఠకులుగా మనం చేయగల పని.

5. సారాంశం

‘దేవదాసు’ తొలియౌవన ప్రేమలోని అధికారాన్ని, హింసను స్పష్టంగా చూసిన నవల. చూసినదానికి కట్టుబడి ఉండలేకపోయింది. కొట్టినవాడి మీద జాలిని మిగిల్చి, దెబ్బ తిన్న మనిషిని మౌనంలో వదిలింది. దీనిని చదవడం మానవద్దు. పార్వతి వైపు నుంచి చదవండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గాలపు కర్ర నవలలో ఏయే సందర్భాలలో వస్తుంది? అది దేనిని సూచిస్తుంది?
2. ముగింపులో కథకుడు పాఠకుడి జాలిని ఎవరివైపు మళ్ళించాడు?
3. ‘దేవదాసైపోయాడు’ అనే మాట మీ ఊరిలో ఏ అర్థంలో వాడుతున్నారు? పార్వతి పేరు మీద అటువంటి మాట ఎందుకు పుట్టలేదో పది వాక్యాలలో రాయండి.