కళ్లు మూసుకున్నాక కెమెరా ఏం చేయాలి?

తనతో పడవలో వస్తున్న తెల్లవాడు తీసిన ఫొటోను అమెజాన్ అడవి వైద్యుడు కరమకాతే చేతిలోకి తీసుకుంటాడు. ఫొటోలో ఉన్నది తనే. దాన్ని కాసేపు చూసి, ఇది నా చుల్యచాకీ కదా అంటాడు. చుల్యచాకీ అచ్చం మనిషిలాగే ఉంటుంది. లోపల మాత్రం ఏమీ ఉండదు. జ్ఞాపకాల్లేకుండా, కాలంతో పని లేకుండా ఊరికే తిరుగుతూ ఉంటుంది. కొలంబియా దర్శకుడు సీరో గెర్రా 2015లో తీసిన 'ఎంబ్రేస్ ఆఫ్ ద సర్పెంట్'లోది ఈ సన్నివేశం. నేను ఎడిటర్ని, రోజంతా బొమ్మల మధ్యే ఉంటాను. బొమ్మ గురించి ఇంత సూటిగా అడిగిన ప్రశ్న నాకు మరో సినిమాలో కనిపించలేదు. అడవి మొక్కల కషాయం తాగినవాళ్లకు కలిగే దర్శనాన్ని సినిమాలో చూపించడం గురించి ఆలోచించినప్పుడల్లా ఆ ఫొటో దగ్గరికే వెళ్తాను. మనం తీసేది దర్శనమా, దాని చుల్యచాకీనా?

ఇలాంటి ఘట్టం వస్తే దర్శకులకు ముందు గుర్తొచ్చేవి రంగులు. కలైడోస్కోపు, ఫిష్ ఐ లెన్సు, ఒకదాంట్లో ఒకటి కరిగిపోయే ముఖాలు, మీదికి దూసుకొచ్చే సొరంగం. ఈ సరంజామా అడవిలో పుట్టలేదు. 1967లో రోజర్ కోర్మన్ తీసిన 'ద ట్రిప్' లాంటి ఎల్ఎస్‌డీ సినిమాల్లో పుట్టింది. దానికి కథ రాసింది జాక్ నికల్సన్. కోర్మన్ తను స్వయంగా ఎల్ఎస్‌డీ తీసుకుని చూశాకే షూటింగుకి దిగాడు. మరుసటి ఏడు కూబ్రిక్ సినిమా '2001' వచ్చింది. అందులో ఎఫెక్ట్స్ నిపుణుడు డగ్లస్ ట్రంబుల్, షట్టర్ తెరిచే ఉంచి సన్నని చీలిక గుండా బొమ్మల్ని తీసే స్లిట్ స్కాన్ పద్ధతిలో ఒక వెలుగుల దారి సృష్టించాడు. ఆ కథలో మందూ లేదు, మొక్కా లేదు. అయినా ఆ తర్వాత ఎవరు ఏం తాగినా తెర మీద ఆ దారిలోనే వెళ్లడం మొదలైంది. ఆ తరానికి, ఆ నగరాలకు అది నిజమే అయి ఉండొచ్చు. ల్యాబులో తయారైన పదార్థం కోసం అల్లుకున్న భాషను తెచ్చి అడవి తీగకు తగిలించడమే నాకు మింగుడు పడదు.

ఎందుకంటే అక్కడ జరిగే తంతే వేరు. పెరూ అమెజాన్‌లో కాచే అయవాస్కా కషాయంలో ముఖ్యంగా రెండు మొక్కలుంటాయి. ఒకటి బానిస్టెరియోప్సిస్ కాపి అనే తీగ, రెండోది చక్రూనా అనే పొద. చక్రూనా ఆకుల్లో దర్శనాలు కలిగించే డీఎంటీ అనే పదార్థం ఉంటుంది. ఆకుల్ని మాత్రమే కాచి తాగితే మన ఒంట్లోని ఒక ఎంజైము డీఎంటీని విరిచేస్తుంది, ఏ ప్రభావమూ కనిపించదు. తీగలోని హార్మిన్, హార్మలిన్ ఆ ఎంజైముకి అడ్డుపడతాయి. అప్పుడే ఆకు పనిచేస్తుంది. ఇన్ని వేల మొక్కలున్న అడవిలో ఈ జోడీని పట్టుకున్న జ్ఞానం ముందు నాకు తల వంచాలనిపిస్తుంది.

తాగేది రాత్రిపూట, ఒక కొట్టంలో. దీపం ఆర్పేస్తారు. ప్రభావం అరగంటకో గంటకో మొదలై, నాలుగు గంటల దాకా సాగుతుంది. వాంతులవుతాయి. ఒంట్లో చెడు బయటికి పోవడంగానే దాన్ని చూస్తారు తప్ప ఎవరూ అసహ్యించుకోరు. చీకట్లో వైద్యుడు పాడుతుంటాడు. ఇకారోలంటారు ఆ పాటల్ని. ఆకుల కట్టను లయగా ఆడిస్తూ, పొగాకు పొగ ఊదుతూ, భయపడుతున్న మనిషి దగ్గరికొచ్చి కూర్చుని పాడతాడు. పాట మారితే లోపల కనిపించేదీ మారుతుందని తాగినవాళ్లు చెబుతారు. అంటే ఆ కొట్టంలో కెమెరాకు దొరికేది చీకటి, కళ్లు మూసుకున్న మనుషులు, ఒక గొంతు. అంతే.

మన విఠలాచార్య జానపదాల్లో మాంత్రికుడు చెయ్యి విసిరితే మనిషి ఏ జంతువో అయిపోతాడు. ఆ మార్పును రాజూ చూస్తాడు, చెలికత్తే చూస్తుంది, నేల టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడూ చూస్తాడు. ఆ మాయ అందరికీ కనబడేదే కాబట్టి ఒక ట్రిక్ షాట్ సరిపోయింది, అద్భుతంగా సరిపోయింది. దర్శనం అలా కాదు, పక్కనే కూర్చున్నవాడికి కూడా కనబడదు. ఒక్కడి లోపల జరుగుతున్నదాన్ని హాలంతా చూసేలా చేయాలి.

ఈ కష్టం ముందే తెలిసినవాడు కవి ఆన్రీ మిషో. పెయోటి కాక్టస్‌లో ఉండే మెస్కలిన్‌ను తీసుకుని, ఆ అనుభవం గురించి ఏళ్ల తరబడి రాశాడు, బొమ్మలు గీశాడు. 1963లో స్విస్ మందుల కంపెనీ సాండోజ్ తరఫున ఎరిక్ దువివియే ఆ దర్శనాల మీద సినిమా తీస్తే మిషో అందులో పాలుపంచుకున్నాడు. అయితే ఇది అయ్యే పని కాదని ముందే చెప్పాడు. నా వృత్తి వైపు నుంచి చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం. తెరకు నాలుగు అంచులుంటాయి, దర్శనానికి అంచు ఉండదు. తెర మీది బొమ్మ నచ్చకపోతే చూపు తిప్పుకోవచ్చు. కళ్లు మూసుకున్నాక కనిపించేదాని నుంచి చూపు ఎటు తిప్పుకుంటాం?

అయినా ప్రయత్నించిన వాళ్లున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. ఫ్రెంచి దర్శకుడు యాన్ కూనెన్ పెరూ వెళ్లి షిపిబో తెగ వైద్యుల దగ్గర కషాయం తాగి, తను చూసినదాన్ని 2004లో 'బ్లూబెర్రీ' చివర్లో గ్రాఫిక్సుతో కట్టాడు. మెలికలు తిరిగే పాములు, ముత్యాల్లా పేరుకునే ఆకారాలు. వాటి వెనక ఉన్న శ్రమ, నిజాయితీ తెలుస్తూనే ఉంటాయి. కానీ అది ఒక కామిక్ ఆధారంగా తీసిన వెస్టర్న్. అమెరికా ఎడారిలోని వైద్యుడిగా నటించింది న్యూజీలాండ్ మావోరీ నటుడు టెమ్యూరా మారిసన్. అమెజాన్ దర్శనాన్ని తీసుకెళ్లి ఇంకో జాతి చేతిలో, ఎక్కడో ఎడారిలో పెట్టేసరికి ఆ పాములకు నేల లేకుండా పోయింది. ఎంత అందంగా ఉన్నా అవి ఎవరి పాములో మనకు తెలియదు. గాస్పర్ నోయే 'ఎంటర్ ద వాయిడ్'లో చేసిన పని నాకు ఇంకా నచ్చుతుంది. కెమెరా నాయకుడి కళ్లలోనే ఉంటుంది. అతను రెప్ప వేస్తే తెర నల్లబడుతుంది. రంగుల ఆకారాలన్నిటికన్నా ఆ రెప్పపాటే నన్ను అతని తలలో కూర్చోబెట్టింది. ఆరి ఆస్టర్ 'మిడ్‌సొమర్'లో పుట్టగొడుగుల టీ తాగిన అమ్మాయి తన చేతిలోంచి గడ్డి మొలవడం చూస్తుంది. చెట్ల బెరడు ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతుంది. ఏ షాటూ అరిచి చెప్పదు. చూస్తున్నది నిజమో కాదో తేల్చుకోలేని స్థితిలోకి ప్రేక్షకుడే జారిపోతాడు.

మళ్లీ గెర్రా దగ్గరికి వస్తాను. ఆయన సినిమాకు ఆధారం ఇద్దరు నిజమైన పరిశోధకుల రాతలు. ఒకరు జర్మన్ థియోడోర్ కోఖ్-గ్రూన్‌బెర్గ్, మరొకరు అమెరికన్ వృక్షశాస్త్రవేత్త రిచర్డ్ ఇవాన్స్ షుల్టీస్. వాళ్లు వెతుకుతూ వెళ్లే యక్రూనా అనే మొక్క మాత్రం కల్పితం. ఆ నిర్ణయం నాకు ఎంతో మర్యాదగా అనిపించింది. సినిమా చూసినవాడు ఆ మొక్క కోసం టిక్కెట్టు కొనుక్కుని అడవిలో దిగలేడు. పాత యాత్రికుల ఫొటోల స్ఫూర్తితో సినిమాను 35 ఎంఎం ఫిల్ము మీద నలుపు తెలుపుల్లో తీశారు. అమెజాన్ అనగానే మనం ఎదురుచూసే పచ్చదనం మొత్తాన్ని దాచేశారు. కోఖ్-గ్రూన్‌బెర్గ్ పాత్ర యువకుడైన కరమకాతేతో, షుల్టీస్‌ను పోలిన ఇవాన్ ఎన్నో ఏళ్ల తర్వాత ముసలి కరమకాతేతో ప్రయాణిస్తారు. ఈ ఇవాన్‌కు కలలు రావు. కలగనడం చేతకానివాడికి కషాయం పోసి ఏం లాభం? అందుకే దర్శనానికి ముందు అతను ఎన్నో వదులుకోవాలి. మోసుకొచ్చిన సామాన్లు నదిలో పోతాయి. వెంట తెచ్చుకున్న గ్రామఫోనులో హైడన్ సంగీతం పెట్టుకుని రాత్రి చీకట్లో వింటాడు. చూపు కన్నా ముందు వినికిడిని సిద్ధం చేస్తున్నాడు దర్శకుడు.

చివరికి మావికూరే కొండల మీద ఇవాన్ కషాయం తాగుతాడు. కెమెరా నది మీదుగా, కొండల మీదుగా ఎగురుతుంది, ఇంకా నలుపు తెలుపుల్లోనే. యువకుడైన కరమకాతే కళ్లలోంచి, నోట్లోంచి వెలుగు చిమ్ముతుంది. అప్పుడు రంగు వస్తుంది. చుక్కలు, మెలికలు, గీతలు, అన్నీ చేత్తో గీసినట్టు సాదాగా. కాసేపే. మళ్లీ పోతుంది. గ్రాఫిక్సుగా చూస్తే అందులో గొప్ప ఏమీ లేదు, ఏ స్టూడియో అయినా అంతకన్నా మిరుమిట్లు గొలిపేది చేసిస్తుంది. కానీ రెండు గంటల పాటు రంగుకు మొహం వాచిన కళ్లకు ఆ కాస్త ఎరుపు, ఆ కాస్త పసుపు కొత్తగా పుడుతున్నట్టుంటాయి. నా లెక్కలో అక్కడ పని చేసింది ఆ రంగుల షాట్లు కాదు, వాటికి ముందున్న రెండు గంటల ఓర్పు. ఎడిటింగ్ గదిలో కూర్చునే ఎవరికైనా ఈ సంగతి ఒంట్లో దిగాలి.

ముసలి కరమకాతేగా నటించిన ఆంతోనియో బొలీవర్ ఒకైనా తెగ మనిషి. 2020లో కొలంబియాలోని లెతీసియాలో కరోనాతో పోయారు. ఆ ముఖం లేకుండా పై మాటలేవీ నిలబడవు. ఆయన ఇవాన్ వైపు చూసే చూపులోనే దర్శనం సగం మొదలైపోతుంది. గ్రాఫిక్సుకి పెట్టే డబ్బులో కొంత ఇలాంటి మనిషిని వెతకడానికి పెట్టమని నేను ఏ నిర్మాతకైనా చెబుతాను.

2016లో వచ్చిన 'ఇకారోస్: ఎ విజన్' ఇంకో దారి చూపించింది. లియోనోర్ కరబాలో, మత్తెయో నోర్త్సీ కలిసి పెరూ అడవిలోని చికిత్సా కేంద్రంలో తీశారు. క్యాన్సర్ వచ్చిన అమెరికన్ స్త్రీ అక్కడికి చేరుతుంది. ఆమెకు పాడే యువ వైద్యుడికి చూపు పోతూ ఉంటుంది. కరబాలో స్వయంగా క్యాన్సర్‌తో బాధపడుతూ ఈ సినిమా చేసింది, విడుదలకు ముందే 2015లో చనిపోయింది. చూపు పోతున్నవాడు పాటతో దారి చూపించడం కన్నా ఈ విషయానికి తగిన కథ నాకు తోచడం లేదు. అక్కడ చెవిని నమ్ముకోవచ్చు. చీకటి తెర మీద ఒక గొంతు ఎడమ నుంచి కుడికి నడిచి, మన వెనక ఆగి, మళ్లీ దూరమైతే చాలు, హాల్లో కూర్చున్నవాళ్లు తమ లోపల ఏదో ఒకటి చూస్తారు. ఈ రోజుల్లో ప్రతి మంచి హాల్లోనూ గొంతును అలా నడిపించగల స్పీకర్లున్నాయి. వాటిని బాంబులకు, కార్లకు మాత్రమే వాడుతున్నాం.

పాటకే కాదు, గీతలకూ సొంతవాళ్లున్నారు. పెరూ ప్రభుత్వం 2008లో షిపిబోల కెనే రేఖాచిత్రాలను జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. అయవాస్కా సంప్రదాయ జ్ఞానాన్ని కూడా ఆ సంవత్సరమే ప్రకటించింది. షిపిబో స్త్రీలు బట్టల మీద, కుండల మీద వేసే ఆ గీతలకు పాటతో, చికిత్సతో చుట్టరికం ఉంది. అందుకే ఎవరో ఆ డిజైన్లను దించుకుని సొరంగం గోడలకు అతికించి, వాటి మీద సింథసైజర్ మోత పోస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఆ గీత వేసినామెకు పేరుంది, ఆ పాట పాడినాయనకు ఊరుంది. గ్రాఫిక్స్ కుర్రాళ్ల పేర్లు వందల కొద్దీ వేసే టైటిల్ కార్డుల్లో ఆ రెండు పేర్లూ ఊళ్లతో సహా పడాలి, కళాకారులకు ఇచ్చే పారితోషికమే వాళ్లకూ ముట్టాలి. సీను రాసుకునే రోజే, కాగితం మీదే ఆ పద్దు ఉండాలి.