ఒంటిపూట బడి, రెండుపూటల మగ్గం

వడోద్ గల్లీల్లో గడియారం చూసుకోవాల్సిన పని లేదు. ఏడయిందని మనుషులే చెబుతారు. పొద్దున ఏడింటికి రాత్రి షిఫ్టు వాళ్లు కళ్లు నులుముకుంటూ మరమగ్గాల షెడ్లలోంచి బయటికొస్తారు, పగటి షిఫ్టు వాళ్లు లోపలికి పోతారు. రాత్రి ఏడింటికి మళ్లీ అదే తంతు. సూరత్‌లో పాండేసర పారిశ్రామికవాడ పక్కనున్న ఈ ఊరు ఇప్పుడు పేరుకే ఊరు. గంజాం నుంచి వచ్చిన ఒడియావాళ్లు, యూపీ, బీహారు వాళ్లు, వాళ్ల మధ్య పలచగా మన వరంగల్, కరీంనగర్, నల్లగొండ నేత కుటుంబాలు. మనవాళ్లు ఎక్కువగా ఉండేది లింబాయత్, డిండోలి, గోడాదరా, పర్వత్ పాటియా వైపు. అద్దె తక్కువని కొందరు ఇటు జరిగారు. మా వదిన అలా జరిగినావిడే.

ఆమె చిన్నకొడుక్కి మూడేళ్లు నిండాయి. ఇంటి సందు చివర అంగన్‌వాడీ ఉంది. పొద్దున వెళ్తే అన్నం వేళ దాటగానే ఇంటికొచ్చేస్తాడు. "గా బడిల ఏం చెప్తరే? ఆడిపిస్తరు, పాడిపిస్తరు, ఇంత కిచిడీ పెట్టి తోలేస్తరు" అంటుంది వదిన. ఆమె కోపం చదువు గురించి కాదు, వేళ గురించి. అన్నయ్య పన్నెండు గంటలు మగ్గం దగ్గర. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు స్టోన్లు అంటిస్తుంది, దారాలు కత్తిరిస్తుంది. చీరకింత అని కూలి. పిల్లవాడు ఇంట్లో ఉంటే జిగురు డబ్బాలో వేళ్లు పెడతాడు, చీర మీద నడుస్తాడు. మరకపడ్డ చీర ఖరీదు కూలిలో కోసుకుంటారు. అందుకని ఆమెకు బడి అంటే పిల్లవాడు అడ్డం రాని మూడు గంటలు. అవి చాలవు. నాలుగు దాకా ఉంచుకుంటే తప్పేంటని ఆమె ప్రశ్న.

తప్పేంటో తెలుసుకుందామని ఆ గదిలో ఒక మూల కూర్చుని చూశాను. బెన్ అనుమతి తీసుకునే. అంగన్‌వాడీ కార్యకర్తను గుజరాత్‌లో పిల్లలూ పెద్దలూ బెన్ అనే పిలుస్తారు. సహాయకురాలిని తేడాగర్ అంటారు, అంటే ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని పిలుచుకొచ్చే మనిషి. ఆ గదిలో రోజు మొదలయ్యేది గోడ మీది గంటతో కాదు, ఈమె చెప్పుల చప్పుడుతో. ఒక్కో గుమ్మం ముందు ఆగుతుంది. తలుపు తీయకపోతే రాత్రి షిఫ్టు చేసొచ్చిన తండ్రి పడుకున్నాడని అర్థం, గట్టిగా పిలవదు. ఏ పిల్ల నిన్న దగ్గింది, ఏ ఇంట్లో చుట్టాలొచ్చారు, ఎవరు ఊరికి పోయారు, అన్నీ గదికి చేరేలోపు ఆమెకు తెలిసిపోతాయి. హాజరు పట్టీ ఆ నడకలోనే సగం నిండుతుంది.

లోపల జరిగేది బయటి కంటికి ఆటలాగే కనిపిస్తుంది. కొత్తగా చేరిన పిల్ల గుమ్మం పట్టుకుని ఏడుస్తోంది. నేనైతే చంకనెత్తుకుని బుజ్జగించేదాన్ని. బెన్ ఆ పని చేయలేదు. స్టీలు చెంచాల గంప తెచ్చి దాని చేతికిచ్చి, తలా ఒకటి పంచమంది. ఏడుస్తూనే పంచింది. ముగ్గురికి ఇచ్చాక ఏడుపు సన్నబడింది, చివరి చెంచా ఇచ్చేసరికి తనకు లేదని గుర్తొచ్చి కొత్తగా మొదలెట్టింది. అప్పుడు బెన్ దాచిపెట్టిన ఒక చెంచా తీసిచ్చింది. అందరికీ ఒక్కొక్కటి అన్న లెక్కను పలక అవసరం లేకుండా అలా నేర్పవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఇంకో మూల ఖాళీ కండెలు పోసి ఉన్నాయి. మగ్గాల షెడ్డు నుంచి పారేసినవి. రంగుల వారీగా వేరుచేయడం, పొడుగు వరసలో నిలబెట్టడం, తాడుకు గుచ్చడం. మన నేత ఇళ్ల పిల్లలకు కండె కొత్త కాదు, కానీ ఇంట్లో ముట్టుకుంటే దెబ్బలు పడతాయి. ఇక్కడ ముట్టుకోమంటారు. మూడేళ్ల పిల్లల మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ఆ చేతికి పెన్సిల్ ఇచ్చి నాలుగు గీతల కాపీ పుస్తకం నింపమనడం కంటే పిండి పిసకడం, కాగితం చించడం, తాడు గుచ్చడం చేయిస్తే ఆరేళ్లకు రాత తనంతట తాను కుదురుతుంది. పక్క సందులోని ప్రైవేటు నర్సరీలో అచ్చంగా కాపీ పుస్తకమే, పైగా టై కూడా. ఫీజు కట్టి మరీ పిల్లవాడి వేళ్లకు నొప్పి పుట్టిస్తారు. ఈ మాట వదినతో అంటే నా మొహం మీదే, "టై కట్టుకుంటే మంచిగుంటడు" అంది. నిజమే, బాగుంటాడు.

కథ వేళ వచ్చింది. దలా తరవాడీ కథ, గుజరాతీ పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చేది. వంకాయలు దొంగిలించాలనుకున్న బాపడు తోటనే అనుమతి అడుగుతాడు, తోట తరఫున తానే జవాబు చెప్పుకుంటాడు, రెండో నాలుగో కోసుకుంటానని అడిగి పదీ పన్నెండూ కోసుకుంటాడు. తోటవాడు పట్టుకుని, బావిని అదే తీరున అడిగి, బావి తరఫున తానే ఒప్పుకుని, బాపణ్ని మునకలేయిస్తాడు. కథ చెబుతున్నంతసేపూ బెన్ అడిగి, ఆగి పిల్లల వైపు చూస్తుంది, బావి బదులు జవాబు వాళ్లు అరుస్తారు. ఒడియా పిల్లా, భోజ్‌పురి పిల్లాడూ, మా వదిన కొడుకూ ఒక్క గొంతుతో గుజరాతీలో అంకెలు అరిచారు. వదిన కొడుక్కి ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, ఇక్కడ గుజరాతీ. నీళ్లు కావాలంటే అమ్మను ఒక మాటతో, బెన్‌ను ఇంకో మాటతో అడుగుతాడు, ఎప్పుడూ తడబడడు. బెన్‌కు కూడా తెలుగు కాస్త వచ్చు: దా, తిను, ఏడ్వకు. సూరత్ నగరపాలిక బడుల్లో తెలుగు మాధ్యమం ఉంది. గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిషు బడులతో పాటు అదీ దశాబ్దాలుగా నడుస్తోంది. కానీ అది ఒకటో తరగతి నుంచి వచ్చే మాట. మూడేళ్ల వయసులో తెలుగు నిలబడాలంటే ఆ గదిలో తెలుగు కథ చెప్పే ఒక అమ్మమ్మ వారానికి ఒకసారైనా వచ్చి కూర్చోవాలి. మన సమాజ భవనాల్లో కల్యాణాలకు పెట్టే ఖర్చులో దీనికి పైసా కూడా పట్టదు. అయినా ఎవరికీ తట్టలేదు.

కథ తర్వాత చేతులు కడుగుడు, తిండి. ఒకరోజు కిచిడీ, ఒకరోజు గోధుమపిండి, బెల్లం, నెయ్యితో చేసిన సుఖ్‌డీ. మన పిల్లలు మొదట్లో సుఖ్‌డీని నోట్లో పెట్టుకుని అలాగే ఉంచేస్తారు, నెల తిరిగేసరికి రెండో ముక్క అడుగుతారు. తినేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి. అప్పటికి ఆ వయసు పిల్లలు గుంపులో ఉండగలిగినంతా ఉన్నారు. ఇంకో గంట ఉంచితే గిల్లుకుంటారు, కొరుక్కుంటారు. ఒంటిపూటను పిల్లవాడి కొలతకే కుట్టారని ఒప్పుకోవాల్సి వచ్చింది. అలాగని వదిన ప్రశ్న తప్పయిపోలేదు.

ఈ తరహా బడి పుట్టిన కథ చూస్తే వదిన పక్షమే గెలుస్తుంది. మారియా మాంటిస్సోరి తొలి బాలల ఇల్లు 1907 జనవరిలో రోమ్ నగరంలో శాన్ లొరెంజో అనే కూలీల పేటలో తెరుచుకుంది. తల్లిదండ్రులు పనికి పోతే ఇళ్లలో మిగిలిన పిల్లలు గోడలూ మెట్లూ పాడుచేస్తున్నారని ఆ భవనాల యాజమాన్యం పెట్టించిన ఏర్పాటది. ఆమె తన పుస్తకంలో రాసుకున్న చలికాలపు దినచర్య పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా సాగుతుంది. భోజనం కూడా అందులోనే. అంటే మొదటిది కూలీ తల్లుల కోసం పుట్టిన నిండుపూట ఇల్లు. తర్వాత ఆ పద్ధతి లోకమంతా పాకే క్రమంలో ఎన్నోచోట్ల పూట తగ్గింది. మధ్యాహ్నానికి పిల్లవాణ్ని తీసుకెళ్లే మనిషి ఇంట్లో ఉంటుందన్న లెక్కతో.

గుజరాత్‌కు ఆ పద్ధతిని తెచ్చి తనదిగా మార్చినవాడు గిజుభాయి బధేకా. వకీలు. కొడుకు పుట్టాక పిల్లల చదువు వైపు మళ్లి, 1920లో భావనగర్ దక్షిణామూర్తిలో బాలమందిరం తెరిచాడు. జనం ఆయన్ని మీసాల అమ్మ అన్నారు. ఖరీదైన విదేశీ సామగ్రికి ఆయన కథను, పాటను, నాటకాన్ని, తోటపనిని జోడించాడు. వడోద్ బెన్ నోట దలా తరవాడీ ఇంకా ఉన్నాడంటే పిల్లల కోసం ఆయన కూర్చిన కథల పుణ్యమే. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోడక్ మరో అడుగు వేసింది. 1945లో బోర్డీ గ్రామంలో బాలల కేంద్రం పెట్టి, దళిత పేటల పిల్లలు అక్కడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లింది. అంగన్‌వాడీ అక్కణ్నుంచి వచ్చింది. ఆ తర్వాత ఆమె, అనుతాయి వాఘ్ కోస్‌బాడ్ కొండ మీద ఆదివాసీ పిల్లల మధ్య స్థిరపడ్డారు. పెద్దపిల్ల బడికి రావాలంటే ఆమె చంకలో ఉన్న తమ్ముడికి కూడా చోటుండాలని గ్రహించి, శిశుగృహం, బాలవాడీ, ప్రాథమిక బడి మూడూ కలిపి ఒకేచోట నడిపారు. పశువులు కాసే పిల్లల కోసం మేత మైదానానికే బడి పట్టుకెళ్లారు.

సూరత్ నుంచి ముంబై పోయే రైలు వల్సాడ్, వాపీ, ఉమర్‌గాం దాటగానే ఘోల్‌వడ్ మీదుగా పోతుంది. బోర్డీ, కోస్‌బాడ్ అక్కడికి దగ్గరే. వదిన అడిగిన దానికి జవాబు మూడు, నాలుగు గంటల ప్రయాణ దూరంలో ఎన్నో ఏళ్లుగా ఉంది. మన ఆంధ్రవైపు నుంచి దుర్గాబాయి దేశ్‌ముఖ్ కూడా 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలై దేశంలో బాలవాడీలు పెరగడానికి దారి వేసింది. 1975 అక్టోబరు 2న కేంద్రం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టినప్పుడు అంగన్‌వాడీ అన్న పేరు దేశమంతా పాకింది. కోస్‌బాడ్‌లో పక్కనే ఉన్న శిశుగృహం మాత్రం వెంట రాలేదు.

చట్టంలో శిశుగృహం ఉంది. 1948 కర్మాగారాల చట్టం ప్రకారం 30 మందికి మించి మహిళా కార్మికులున్న చోట అది ఉండి తీరాల్సి ఉండేది. 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ 50 మంది, అంతకు పైగా ఉద్యోగులున్న సంస్థలన్నింటికీ ఆ బాధ్యత పెట్టింది. వదిన ఈ రెండింటిలో దేనికిందికీ రాదు. ఆమెకు కార్ఖానా లేదు, ఇల్లే కార్ఖానా. చీరల మూట తెచ్చిచ్చే మనిషి యజమాని కాడు, ఆ మూట అతనికిచ్చిన దుకాణం కూడా కాదట. అంగన్‌వాడీలోనే శిశుగృహం కలిపి నడపాలన్న పాల్నా పథకం కాగితం మీదికి వచ్చి కొన్నేళ్లయింది. వడోద్ సందులోకి ఇంకా నడిచి రాలేదు.

ఇక్కడ నేను వదినతో పూర్తిగా విడిపోయే చోటు ఒకటుంది. బడిని నాలుగు దాకా సాగదీయమంటే, సాగదీసిన గంటల్ని ఎవరు మోస్తారు? 2023లో మొదలైన పోషణ్ భీ పఢాయీ భీ కార్యక్రమం రోజుకు కనీసం రెండు గంటలు పూర్వ ప్రాథమిక విద్య చెప్పాలంటుంది. ఆ రెండు గంటలకు ముందూ వెనకా బెన్‌కు బరువు తూచే కాంటా, టీకాల రోజు, గర్భిణుల ఇళ్లు, ఫోనులో పోషణ్ ట్రాకర్, సుముల్ డెయిరీ నుంచి వచ్చే బాలశక్తి పొట్లాల లెక్క. మధ్యలో ఎన్నికల పని. ఇన్ని చేస్తున్నా ప్రభుత్వ భాషలో ఆమె గౌరవ కార్యకర్త, ఆమెకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. దాహోద్ జిల్లా అంగన్‌వాడీ వాళ్లు గ్రాట్యుటీ కోసం కోర్టుకెక్కిన కేసులో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న తీర్పిచ్చింది. వీళ్లది పార్ట్ టైం పని అన్న వాదన చెల్లదు, గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే అంది. అప్పటికి గుజరాత్‌లో కార్యకర్తకు నెలకు 7,800 రూపాయలు, సహాయకురాలికి 3,950 రూపాయలు అని ఆ తీర్పులోనే రాసి ఉంది. తర్వాత కొంత పెరిగింది.

2023 జూన్ నుంచి గుజరాత్‌లో ఆరేళ్లు నిండనిదే ఒకటో తరగతిలో చేర్చుకోవడం లేదు. ఐదేళ్ల వాళ్లకు ప్రభుత్వ బడుల్లో బాలవాటిక పెట్టారు. దాంతో అంగన్‌వాడీ గదిలో ఎక్కువగా మూడు, నాలుగేళ్ల వాళ్లే మిగిలారు. గది కాస్త ఖాళీ అయింది. మధ్యాహ్నం తర్వాత తాళం పడుతుంది.

మొన్న దీపావళి సెలవులయ్యాక, నవజీవన్‌లో వరంగల్ పోయినవాళ్లంతా తిరిగొచ్చాక, నేను వదిన చిన్నోడి కోసం వెళ్తే ఇంట్లో లేడు. తేడాగర్ ఇంట్లో ఉన్నాడంది వదిన. బడి అయిపోగానే ఆమె మరో నలుగురైదుగురు పిల్లల్ని తన గదికే తీసుకుపోయి పడుకోబెడుతుందట, నాలుగున్నరకు తల్లులు వచ్చి తీసుకుపోతారు. నెలకింత అని వాళ్లే చేతిలో పెడతారు. "ఎంతిస్తున్నవ్ వదినా?" అని అడిగితే, ఒక రోజు స్టోన్ల కూలి అంది. పిల్లలు పడుకున్నాక తేడాగర్ కూడా చీరల మూట విప్పుకుంటుందని, ఇద్దరికీ మూట తెచ్చేది ఒక్కడేనని కూడా చెప్పింది.