అద్దాల పెట్టెలో ఎవరి పేర్లు?

కాథలిక్ కాలేజీ లైబ్రరీల్లో అరుదైన పుస్తకాల ప్రదర్శన పెడితే తోలు అట్టలు, బంగారు అక్షరాలు, ఫాదర్ల చేతిరాతలు చూసి మురిసిపోతాం. ఆ కాలేజీని నిలబెట్టిన డబ్బెక్కడిదని అడగం.

అమెరికాలో జార్జిటౌన్ సంగతే చూడండి. 1838లో మేరీలాండ్ జెస్యూట్ ఫాదర్లు 272 మంది నల్లజాతి బానిసల్ని లూసియానా భూస్వాములకు 1,15,000 డాలర్లకు బేరం పెట్టారు. అందులో కొంత సొమ్ము కాలేజీ అప్పుకి పోయింది. ఆ అమ్మకం కాగితం అదే విశ్వవిద్యాలయ లైబ్రరీలో, సభ దస్తావేజుల్లో భద్రంగా ఉంది. మనుషుల పేర్లు, వయసులు రాసి మరీ! మొదటి పేరు ఐజక్, 65 ఏళ్లు.

అరుదైన పత్రమంటే ఇది గదా! 2015లో విద్యార్థులు బైఠాయించారు. 2016లో ఆ దస్తావేజులు అందరూ చూసేలా బయటికొచ్చాయి. 2017లో, అమ్మిన ముల్లెడీ పేరున్న హాలుకి ఐజక్ హాకిన్స్ పేరు పెట్టారు. వారసులు ఆ జాబితాలో తమ ముత్తాతల్ని వెతుక్కున్నారు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా తాతల పేర్లు పుస్తకాల్లో లేవు. మన పల్లెల విచారణ గుళ్లలో, జ్ఞానస్నానాల రిజిస్టర్లలో మాత్రం మాల మాదిగల పేర్లున్నాయి. అవీ అద్దాల పెట్టెలోకి రావాలి. పక్కన వివరణ రాసే కలం మాత్రం మన చేతిలోనే ఉండాలి.