దొండాకు పసరు, నల్లబల్ల

మా పక్కింటి మాస్టారు మొన్న కార్తీకంలో పోయారు. రిటైరై పాతికేళ్లు దాటినా ఊళ్లో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు లేరు. మాస్టారంటే ఆయనే.

1959లో పంచాయతీ సమితులు వచ్చాక పల్లెటూళ్ల ప్రాథమిక బళ్లు చాలావరకు వాటి కిందికి వెళ్లాయి. ఆయన చేరింది అలాంటి సమితి బడిలోనే. ఒకటే గది, ఒకరే పంతులు, 5 తరగతులు. ఐదోవాళ్లకు లెక్క ఇచ్చి, మూడోవాళ్లను ఎక్కాలకు కూర్చోబెట్టి, ఒకటో తరగతి పిల్లాడి చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించేవారు. ఈలోగా వెనక వరసలో పదమూడో ఎక్కం తప్పితే తల తిప్పకుండానే సరిచేసేవారు. ఒక చెవి ఎప్పుడూ అక్కడే ఉండేదన్నమాట!

శనివారం నల్లబల్ల పని. దొండాకు, బొగ్గు కలిపి నూరిన ముద్దను బల్లంతా పైనుంచి కిందికి ఒకే వాటంగా రుద్దేవారు. పొడుగు సుద్దముక్క కీచుమంటుందని సగానికి విరిచి పట్టుకునేవారు. కింది వరసకు ఒత్తులు తగలకుండా ముందే చోటు వదలడం ఆ బల్ల మీదే చూశాను. ఇప్పటి ముద్రణలోనూ కొందరికి అది పట్టదు.

బెత్తమూ వాడారు. ఆ రోజుల్లో అందరూ వాడేవారు, మెచ్చుకోవలసిందేం కాదు.

రిటైరయ్యాక అరుగే బడి. పింఛను కాగితాలు తెచ్చినవాళ్లకు నింపి ఇచ్చేవారు కాదు, "నువ్వు రాయి, నేను చూస్తా" అనేవారు. పాలు పోసే ముసలమ్మ చేత పట్టుబట్టి సంతకం దిద్దించారు. ఇప్పుడావిడ బ్యాంకులో ఇంకుపెట్టె పక్కకు నెట్టి పెన్ను అడుగుతుంది.